అలెగ్జాండర్ గురించి చెప్పమన్నారు, నేను వాళ్ళ నాన్న గురించి చెప్తా

అధ్యక్షులవారికి, గ్రంథాలయం వాళ్ళకి, ఎండనపడి వచ్చిన మీ అందరికీ నమస్కారం. శాలువా తర్వాత కప్పుదురుగాని, ముందు మాట్లాడనివ్వండి.

కరపత్రంలో అలెగ్జాండర్ బాల్యం అని వేశారు. క్రీ.పూ. 356లో, గ్రీసుకి ఉత్తరాన ఉన్న మాసిడోనియా రాజ్యంలో, పెల్లా అనే రాజధానిలో పుట్టాడు, అరిస్టాటిల్ దగ్గర చదివాడు, ఎవరికీ లొంగని గుర్రాన్ని లొంగదీశాడు, ఇవన్నీ మీకు తెలిసినవే. నా గోల వేరే. ఆ అబ్బాయికి ఒక తండ్రి ఉన్నాడండీ! మాసిడోనియా రాజు ఫిలిప్. మన పుస్తకాల్లో ఆయనకి దక్కేది ఒక్క లైను, అదీ కొడుకు గురించి చెప్తూ.

ఫిలిప్ కుర్రతనం థీబ్స్ అనే గ్రీకు నగరంలో బందీగా గడిచింది, మాసిడోనియా మాట తప్పకుండా హామీ కింద పంపారన్నమాట, అప్పట్లో స్పార్టానే ఓడించిన సైన్యం థీబ్స్‌ది, ఎపామినోండాస్ లాంటి సేనాని ఉన్న ఊరు, మనోడు అక్కడ కూర్చుని ఏడవలేదు, అన్నీ చూసి నేర్చుకున్నాడు. క్రీ.పూ. 359లో, రాజుగా ఉన్న అన్న పెర్డిక్కాస్ పొరుగున ఉండే ఇల్లిరియన్లతో యుద్ధంలో పోయాడు, ఆయనతో పాటు 4,000 మంది. రాజ్యం అయిపోయిందనే అనుకున్నారంతా. పగ్గాలు చేతికొచ్చిన ఫిలిప్‌కి ఇరవై పైచిలుకు వయసు. శత్రువుల్లో కొందరికి డబ్బిచ్చి ఆపాడు, కొందరితో సంధి, ఈలోపు రైతుల్ని, గొర్రెల కాపరుల్ని పోగేసి ఐదు మీటర్లు దాటిన ఈటెలు చేతికిచ్చి డ్రిల్లు చేయించాడు. ఏడాది తిరక్కుండా అదే ఇల్లిరియన్లని చావగొట్టాడు!

తర్వాత బంగారు గనులు పట్టాడు, మెథోనీ అనే ఊరి ముట్టడిలో ఒక కన్ను పోయింది, అయినా ఆగలా. తండ్రి గెలిచాడని కబురొచ్చినప్పుడల్లా, నాన్నే అన్నీ గెలిచేస్తే నాకేం మిగులుతుందని కొడుకు గునిసేవాడట, పాతకాలపు గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? పిల్లలూ, వెనకాల సెల్లు పక్కన పెట్టండి, మీకే చెప్తున్నా.

338లో ఏథెన్స్, థీబ్స్ వాళ్ళతో కైరోనియా యుద్ధం. పద్దెనిమిదేళ్ళ కొడుకు ఒక పక్క సైన్యాన్ని నడిపాడు, పేరొచ్చింది, కాదనను. ఆ సైన్యం ఎవరిది? 336లో కూతురి పెళ్ళి వేడుకలో సొంత అంగరక్షకుడే ఫిలిప్‌ని పొడిచేశాడు. అప్పటికే పర్షియా మీదకి ముందు దళాన్ని తన సేనాని పార్మేనియన్‌తో పంపించేశాడాయన. ఇరవయ్యేళ్ళ అలెగ్జాండర్‌కి దక్కింది రెడీమేడ్ సైన్యం, రెడీమేడ్ ప్లాను. తర్వాత అలెగ్జాండర్ పర్షియా రాజుని ఓడించిన గాగమేలా యుద్ధంలో ఎడమ పక్క కాసింది కూడా ఆ పార్మేనియనే, వాళ్ళ నాన్న మనిషే!

చీటీ చూశానండీ, టైమయింది, తెలుసు. అలెగ్జాండర్ గురించి వచ్చేసారి ఇంకెవరినైనా పిలవండి.