గంట మోగని ఇల్లు

అందరికీ నమస్కారం. అనాథాశ్రమాలు నడుపుతున్నవారు, వాటికి విరాళాలు ఇస్తున్నవారు, అక్కడే పెరిగి పెద్దయినవారు కూడా ఈ సభలో ఉన్నారు. అందుకే ముందుగా ఒక మాట చెప్పుకోవాలి. ఆశ్రమాల్లో పనిచేసేవారి మంచితనం మీద నాకు అనుమానం లేదు. నా అభ్యంతరమంతా పదులకొద్దీ పిల్లలను ఒకేచోట పెంచే ఆ ఏర్పాటు మీదే. దాని బదులు కొద్దిమంది పిల్లలు ఇంట్లో ఉన్నట్టే పెరిగే చిన్న గృహాల గురించి చెప్పాలని వచ్చాను. ఎంత దయగల మనిషయినా నలభైమంది పిల్లల మధ్య ఒక్కరే నిలబడితే తలలు లెక్కపెట్టుకోవడంతోనే పొద్దు గడిచిపోతుంది.

పెద్ద ఆశ్రమంలో రోజు గంటతో మొదలవుతుంది. లేవడానికి గంట, స్నానానికి గంట, భోజనానికి గంట, పడుకోవడానికి గంట. ఆకలేసిన పిల్లవాడు గంట కోసం ఎదురుచూస్తాడు. కొన్నాళ్లకు తన ఆకలిని తానే నమ్మడం మానేస్తాడు. ఉతికి వచ్చిన బట్టల కుప్పలోంచి ఒంటికి సరిపోయేదేదో తీసుకుంటాడు. ‘ఇది నా చొక్కా’ అనే మాట అతని నోట రాదు. రాత్రి పీడకల వచ్చి ఉలిక్కిపడి లేస్తే ఎవరి పక్కలోకి వెళ్లాలో తెలియదు. ‘ఇక్కడి పసిపిల్లలు అసలు ఏడవరు, ఎంత బుద్ధిమంతులో’ అని చూడవచ్చినవారు మెచ్చుకుంటారు. ఏడ్చినా ఎవరూ రారని తెలిసిపోయిన బిడ్డే ఏడుపు మానేస్తుంది. ఆ నిశ్శబ్దం వింటే నాకు భయం వేస్తుంది.

ఇది నా ఒక్కరి భావోద్వేగం కాదు. 1945లో రెనే స్పిట్జ్ అనే వైద్యుడు రెండు చోట్ల పెరుగుతున్న పసిపిల్లలను పోల్చి చూశాడు. ఒకటి శుభ్రంగా, వైద్య పర్యవేక్షణలో నడిచే అనాథ శిశు గృహం. రెండోది జైలుకు అనుబంధంగా ఉన్న శిశు గృహం; అక్కడ ఖైదీలైన తల్లులే తమ బిడ్డలను చూసుకునేవారు. ఎదిగింది జైలు పిల్లలు. అనాథ శిశు గృహంలోని బిడ్డలు శుభ్రతకు లోటు లేకపోయినా కుంగిపోయారు, జబ్బుపడ్డారు, చాలామంది చనిపోయారు.

1989 చివర రుమేనియాలో నియంత చౌషెస్కూ పాలన కూలినప్పుడు లక్షకు పైగా పిల్లలు ప్రభుత్వ సంస్థల్లో ఉన్నట్టు ప్రపంచానికి తెలిసింది. ఆ తర్వాత రాజధాని బుకారెస్ట్‌లో అలాంటి సంస్థల్లో ఉన్న 136 మంది పసివాళ్లతో సుదీర్ఘ అధ్యయనం జరిగింది. వారిలో సగం మందిని చీటీ తీసినట్టుగా ఎంపిక చేసి పెంపుడు కుటుంబాలకు, అంటే దత్తత తీసుకోకుండానే బిడ్డను తమ ఇంట్లో పెట్టుకుని పెంచేవారి దగ్గరకు పంపారు. కుటుంబాల్లో పెరిగినవారి తెలివితేటలు, మనుషులతో అనుబంధం మెరుగుపడ్డాయి. రెండేళ్లు నిండకముందే వెళ్లినవారిలో ఆ మార్పు మరింత స్పష్టంగా కనిపించింది.

ఇక్కడ ఒక విషయం దాచకూడదు. ఆ అధ్యయనం నిరూపించింది కుటుంబం విలువను, చిన్న గృహాల విలువను కాదు. ఐక్యరాజ్య సమితి 2009లో ఆమోదించిన మార్గదర్శకాలు కూడా మూడేళ్లలోపు బిడ్డ కుటుంబంలోనే పెరగాలని, పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డను ఇంటినుంచి వేరుచేయకూడదని చెబుతున్నాయి. కాబట్టి సొంతవారు, బంధువులు, దత్తత, పెంపుడు కుటుంబం, ఈ దారులన్నీ చూసిన తర్వాతే చిన్న గృహం. ఐదుగురు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ విడిపోకుండా కలిసి ఉండాలన్నా, ఒక కుటుంబంలో ఇమడలేక దెబ్బతిన్న పదిహేనేళ్ల పిల్ల మళ్లీ ‘అమ్మ’ అనే పిలుపుకు సిద్ధంగా లేకపోయినా, అప్పుడు అది నిజంగా అవసరం.

చిన్న గృహం ఎలా ఉంటుంది? మామూలు వీధిలో మామూలు ఇల్లు. బయట బోర్డు ఉండదు. ఆరుగురో ఎనిమిదిమందో వేర్వేరు వయసుల పిల్లలు, వారితోనే ఉండే ఇద్దరు పెద్దవాళ్లు, ఆ ఇద్దరూ సెలవు పెట్టినప్పుడు వచ్చే, పిల్లలకు బాగా తెలిసిన మరొకరు. వంటగదికి తాళం ఉండదు. కూరగాయలకు వెళ్తే ఒక పిల్లో పిల్లవాడో వెంట వెళ్తారు. డబ్బు ఎలా ఖర్చవుతుందో, పొయ్యి ఎలా వెలుగుతుందో ఆశ్రమంలో పెరిగినవారికి పద్దెనిమిదేళ్లకు కూడా తెలియని సందర్భాలు ఉన్నాయి. ఎవరి అలమర వారిది. పక్కింటి పిల్లలు ఆడుకోవడానికి వస్తారు. పోట్లాటలూ ఉంటాయి. ఉండాలి కూడా.

అయితే ఇల్లు చిన్నదైనంత మాత్రాన సరిపోదు, ఈ మాట గట్టిగా చెప్పాలి. ఎనిమిది గంటలకు ఒకరు చొప్పున మనుషులు మారిపోతూ, ప్రతి చిన్న అనుమతీ రిజిస్టరులో రాస్తూ నడిపితే అది ఎనిమిది మంచాల ఆశ్రమమే. బిడ్డకు జ్వరం వస్తే మందు ఎలా మింగుతుందో, ఏ మాటకు ముడుచుకుపోతుందో గుర్తుంచుకునే మనిషి ఏళ్ల తరబడి అక్కడే ఉండాలి. ఆ మనిషి నిలవాలంటే మంచి జీతం, సెలవులు, శిక్షణ, గుండె బరువెక్కినప్పుడు చెప్పుకోవడానికి ఒకరు కావాలి. మనం రంగుల గోడలకు ఇచ్చేంత డబ్బు ఈ మనుషులకు ఇవ్వడం లేదు. ఇంకొకటి: నాలుగు గోడల మధ్య ఏం జరుగుతోందో బయటివారికి తెలియని చిన్న ఇల్లు కూడా ప్రమాదకరమే. ఆ ఇంటితో సంబంధం లేని ఒకరు క్రమం తప్పకుండా వచ్చి, పిల్లలతో విడిగా కూర్చుని మాట్లాడాలి.

ఖర్చు ఎక్కువ కదా అంటారు. నిజమే, చిన్న గృహాన్ని సరిగ్గా నడపడం చవక కాదు. కానీ ప్రపంచవ్యాప్తంగా సంస్థల్లో ఉన్న పిల్లల్లో అత్యధికులకు తల్లో తండ్రో బతికే ఉన్నారు. వారిని అక్కడికి చేర్చింది చాలావరకు పేదరికం, జబ్బు, వైకల్యం, చదువు మీద ఆశ. ఆ కుటుంబానికి అందే చిన్న ఆసరాతో బిడ్డ తన ఇంట్లోనే ఉండగలిగితే, ఆ డబ్బు చిన్న గృహం తప్ప మరో దారి లేని పిల్లలకు మిగులుతుంది.

మీలో కొందరు కొత్త భవనానికి పునాది వేయాలనుకుంటున్నారని విన్నాను. ఒక్క ఆరు నెలలు ఆగండి. మీ దగ్గరున్న పిల్లల పేర్ల పట్టిక తీసుకుని, ఒక్కొక్కరి తల్లిని, తాతను, మేనమామను వెతకడానికి ఇద్దరు మనుషులను పంపండి. మీకు ఎన్ని చిన్న ఇళ్లు కావాలో వాళ్లు తిరిగి వచ్చాక లెక్క వేద్దాం.