లంకమల వెళ్తున్నారు కదా, రాళ్లు తిప్పకండి

అందరికీ నమస్కారం. ఆదివారం పాములు చూడ్డానికి కడప జిల్లా లంకమల అడవికి, సిద్ధవటం వైపు బయల్దేరేవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు కాబట్టి నేరుగా విషయానికొస్తాను.

"పాము కనబడాలంటే ఏం చేయాలన్నా?" అని పొద్దున్నుంచి ముగ్గురు అడిగారు. మాటిమాటికీ ఆగాలి తమ్ముడూ. పది అడుగులు వేసి ఆగండి, కంపల మొదళ్లు, రాళ్ల అంచులు, ఎండుగడ్డి నిదానంగా చూసి మళ్లీ కదలండి. గబగబా నడిస్తే ఆ అదురు నేలలోంచి వాటికి ముందే అందుతుంది, జెర్రిపోతైతే మీరు తల తిప్పేలోపే సర్రున కంపలోకి దూరిపోతుంది.

పోయిన చలికాలం నేను షూ లేసు కట్టుకోవడానికి వంగితే రెండు మూరల దూరంలో చిన్న పింజరి, విషప్పాము. పొడవు జానెడున్నర, మట్టి రంగు, తల మీద బాణం లాంటి గుర్తు. ఒళ్లు మెలికలు చుట్టి పొలుసుకు పొలుసు రాస్తూ, చెక్క మీద రంపం లాగినట్టు చప్పుడు చేసింది. మెల్లగా వెనక్కి జరిగాను, ఆపేసింది. దాని హెచ్చరిక అంతే, కోపమేమీ లేదు.

ఇలాంటిది ఫొటో కోసం రాళ్లు తిప్పేవాళ్ల చేతికి తగులుతుంది. పైగా ఆ రాయి కింది చల్లదనంలోనే తేళ్లు, బల్లులు, బల్లి గుడ్లు ఉంటాయి, ఒకసారి ఎండ తగిలితే పోయినట్టే.

ఈ ముళ్లకంపను పనికిరాని బీడంటారు. 1900 తర్వాత ఎవరికీ కనబడని కలివి కోడి అనే అరుదైన పక్షి 1986లో మళ్లీ దొరికింది ఈ కంపలోనే, రెడ్డిపల్లె దగ్గర. రాత్రిపూట టార్చితో దాన్ని పట్టుకున్నది ఇక్కడి మనిషే. పుస్తకాలకంటే ఊరివాళ్లనే ఎక్కువ అడగండి.

ఉడుము, నక్షత్ర తాబేలు కనబడితే చూడండి, చేత్తో ఎత్తకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం కూడా.

కాటు పడితే మాత్రం కట్టు కట్టొద్దు, కోయొద్దు, పసరు వద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు సూది ఉండే ఆసుపత్రికి చేర్చండి. పామును వెతికి చంపి తెచ్చే పని పెట్టుకోకండి, ఆ టెన్షన్‌లో ఇంకొకరికి కాటు పడుతుంది.

అడవి శాఖ అనుమతి కాగితం, మడమలు కప్పే షూ, టార్చి మర్చిపోకండి. ఆరుకల్లా బస్టాండులో ఉంటాను.