టీవీకి కంప్యూటర్ తగిలించాలంటే ముందు వెనకవైపు చూడండి

అక్క: నమస్తే అందరికీ. మన హనుమకొండ, కాజీపేట వైపు నుంచి చాలామంది అడుగుతున్నారు, ఇంట్లో 4కే టీవీ ఉంది, తక్కువలో ఒక కంప్యూటర్ తగిలిస్తే పగలు పిల్లలు టీ-శాట్ పాఠాలు చూస్తారు, రాత్రి మేం సినిమా పెట్టుకుంటాం, ఏది కొనాలి అని. చెప్పు తమ్ముడూ.

తమ్ముడు: అందరూ షాపుకి పోగానే ఐ5 ప్రాసెసర్ ఉందా, ర్యామ్ ఎంత అని మొదలుపెడతారక్కా. వీడియో కోసమైతే ముందు కంప్యూటర్ డబ్బాని తిప్పి వెనక పోర్టులు చూడాలి. పాత మానిటర్లకి పెట్టే నీలం రంగు వీజీఏ పోర్టు ఒక్కటే ఉంటే వదిలేయండి, అందులోంచి సౌండ్ కూడా రాదు.

అక్క: సెకండ్‌హ్యాండ్‌లో దొరికే ఆప్టిప్లెక్స్ మైక్రో, థింక్‌సెంటర్ టైనీ లాంటి చిన్న ఆఫీసు డబ్బాలు బాగుంటాయి కదా?

తమ్ముడు: చాలా బాగుంటాయి, నా ఓటు వాటికే. కానీ కొన్నింటికి డిస్‌ప్లేపోర్టే ఉంటుంది, టీవీకి తగిలించే హెచ్‌డీఎంఐ ఉండదు. డిస్‌ప్లేపోర్టుని హెచ్‌డీఎంఐగా మార్చే చవక కన్వర్టర్ పెడితే బొమ్మ వస్తుంది గానీ 4కేలో 30 హెర్ట్జ్ దగ్గరే, అంటే సెకనుకి 30 బొమ్మల దగ్గరే ఆగిపోతుంది, మౌస్ కదిపితే బాణం గుర్తు ఈడ్చుకుంటూ వస్తుంది, రోజూ అదే చూస్తుంటే చిరాకు. 4కేలో 60 హెర్ట్జ్ ఇచ్చే యాక్టివ్ కన్వర్టర్ అని అడిగి తీసుకోండి.

అక్క: మరి ప్రాసెసర్?

తమ్ముడు: ఐ5 అన్న పేరొక్కటే చూస్తే ఏమీ తెలియదు, పక్కనున్న నంబర్ చూడాలి. ఐ5-6500 అంటే ఆరో జనరేషన్, ఐ5-8500 అంటే ఎనిమిది. 4కే వీడియోలు ఎక్కువగా హెచ్‌ఈవీసీ, వీపీ9 అనే ఫార్మాట్లలో వస్తాయి, వాటిలో రంగులు ఎక్కువగా ఉండే 10-బిట్ వీడియోని కూడా చిప్‌లోని ప్రత్యేక వీడియో భాగమే విప్పడం ఇంటెల్‌లో ఏడో జనరేషన్ నుంచి మొదలైంది. అంతకంటే పాతదైతే ఆ భారమంతా మామూలు పనులు చేసే ప్రాసెసర్ కోర్ల మీద పడి ఫ్యాన్ మోత మోగుతుంది, రామగుండం ఎండల్లో అయితే ఇంకా కష్టం. పైగా విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది, విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో జనరేషన్ నుంచే తీసుకుంటుంది. అందుకే ఎనిమిదికి తగ్గకండి.

అక్క: కొత్తదే కావాలనుకునేవాళ్ళకి?

తమ్ముడు: ఎన్100 చిప్ ఉన్న మినీ పీసీ. కరెంటు చాలా తక్కువ తాగుతుంది, ఏవీ1 అనే కొత్త ఫార్మాట్ వీడియోని కూడా విప్పుతుంది, అది పెద్ద ప్రాసెసర్లలో పదకొండో జనరేషన్ నుంచే వచ్చింది. కానీ ఒకటి, ఓటీటీ సినిమాలకి మాత్రమే అయితే కంప్యూటర్ కొనకండక్కా. టీవీలోని యాప్‌లో 4కే హాయిగా వస్తుంది, అదే కంప్యూటర్ బ్రౌజర్‌లో చాలాసార్లు క్వాలిటీ తగ్గించి చూపిస్తారు.

అక్క: షాపులో చెక్ చేసుకోవడం ఎలా?

తమ్ముడు: అక్కడే యూట్యూబ్‌లో 4కే 60 వీడియో పెట్టించండి. దాని మీద రైట్ క్లిక్ కొట్టి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ తెరిస్తే ఫ్రేమ్స్ దగ్గర డ్రాప్డ్ అని, అంటే చూపించకుండా వదిలేసిన బొమ్మల లెక్క ఒకటి కనిపిస్తుంది, అది ఆగకుండా పెరుగుతూనే ఉంటే ఆ మెషీన్ వద్దు. షాపతను 'మీ ఇంట్లో బాగా వస్తుంది సార్' అన్నా వినకండి.

అక్క: ఇంటికొచ్చాక?

తమ్ముడు: టీవీ సెట్టింగ్స్‌లో ఆ హెచ్‌డీఎంఐ పోర్టుకి యూహెచ్‌డీ లేదా ఎన్‌హాన్స్‌డ్ అనే ఆప్షన్ ఉంటే ఆన్ చేయండి, కొన్ని టీవీల్లో అది ఆన్ చేయకపోతే 4కేలో 60 హెర్ట్జ్ రాదు. బొమ్మ అంచులు తెగిపోతే స్క్రీన్ ఫిట్ లేదా జస్ట్ స్కాన్ పెట్టండి, సరిపోతుంది.