ఫోన్-ఇన్: మిద్దె మీద కుర్చీలకు వానాకాలం జాగ్రత్తలు

యాంకర్: నమస్కారం. చెన్నైలో ఇంకొన్నాళ్లలో ఈశాన్య రుతుపవనాలు వచ్చేస్తాయి. మిద్దె మీదా బాల్కనీలోనూ ఉన్న కుర్చీల గురించి చెప్పడానికి 30 ఏళ్లుగా ఈ పని చేస్తున్న మేస్త్రీ గారు మనతో ఉన్నారు. మొదటి ఫోను తిరువాన్మియూర్ నుంచి. చెప్పండమ్మా.

కాలర్: వినిపిస్తోందా బాబూ? మా ఇల్లు బీచ్‌కి రెండు వీధుల దూరం. మిద్దె మీద ఇనప ఊయల ఉంది. మా ఆయన రిటైరైనప్పుడు చేయించుకున్నారు. సాయంత్రం కాఫీ అక్కడికే తెమ్మనేవారు. ఇప్పుడు ఆయన లేరు. మా అబ్బాయేమో తుప్పు పట్టింది, పాత సామానుకి వేసేద్దాం అంటాడు. నాకేమో మనసొప్పడం లేదు. పోయిన వానలకి టార్పాలిన్ కప్పి తాడుతో గట్టిగా కట్టానండీ. సంక్రాంతికి విప్పి చూస్తే తుప్పు ఇంకా ఎక్కువైంది!

మేస్త్రీ: అలా గట్టిగా కట్టడం వల్లేనమ్మా. తడి మీద కప్పారు, ఆ చెమ్మ బయటికి పోలేదు. సముద్రపు గాలిలో ఉప్పుంటుంది. అది ఇనుము మీద పేరుకుని చెమ్మను పట్టి ఉంచుతుంది. ఎప్పుడైనా ఒకటే మాట: కప్పేముందు ఆరాలి.

కాలర్: మరి కప్పొద్దా?

మేస్త్రీ: కప్పండి. ముందు మంచినీళ్లతో ఉప్పంతా కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఒక పూట ఎండనివ్వండి. కింది అంచు నేలకి జానెడు ఎత్తులో ఉంచి గాలి ఆడనివ్వండి. వాన తెరిపిచ్చిన రోజు తీసేయండి. అన్నట్టు, కాళ్ల అడుగున ప్లాస్టిక్ బిరడాలు ఉన్నాయా?

కాలర్: నల్లగా ఉన్నాయి బాబూ.

మేస్త్రీ: అవి పీకి చూడండి. పోయిన నెల ఒకరింట్లో పీకితే గొట్టంలోంచి టీ డికాక్షన్ లాంటి నీళ్లు గ్లాసుడు వచ్చాయి. తుప్పు లోపలి నుంచి తింటుంది. పైన ఎంత పెయింట్ వేసి ఏం లాభం? అలా నిలిచిన నీళ్లలో దోమలు కూడా పెరుగుతాయి.

కాలర్: సరే. ఇప్పుడున్న తుప్పు పోతుందా? అబ్బాయి పోదంటాడు.

మేస్త్రీ: స్క్రూడ్రైవరుతో పొడవండి. లోపలికి దిగిపోతే ఆ ముక్క కోసి వెల్డింగ్ పెట్టించాలి. దిగకపోతే వైర్ బ్రష్, ఎమెరీ పేపర్‌తో రుద్ది, దుమ్ము తుడిచి, తుప్పు పట్టకుండా ఆపే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ ఒక కోటు, ఆరాక ఎనామిల్ పెయింట్ రెండు కోట్లు. ఈ పని వానలకి ముందే అయిపోవాలి.

కాలర్: అయితే టార్పాలిన్ కప్పొచ్చంటారా?

మేస్త్రీ: అమ్మా, ఇప్పుడే కదా చెప్పాను! కప్పేముందు ఆరాలి. ఆరాకే కప్పండి. ఊయల అమ్మొద్దు, బాగు చేయించుకోండి.

కాలర్: చాలా సంతోషం నాయనా.

యాంకర్: ధన్యవాదాలమ్మా. వేళచ్చేరి నుంచి ఒకరు. క్లుప్తంగా అడగండి.

కాలర్: సార్, బాల్కనీలో టేకు కుర్చీలు బూడిదరంగుకి వచ్చేశాయి. ప్రెషర్ వాషర్‌తో కడగొచ్చా?

మేస్త్రీ: వద్దు, కొయ్య నారలు లేచిపోతాయి. ఎండకి టేకు రంగు మారడం మామూలే, లోపల గట్టిగానే ఉంటుంది. సబ్బునీళ్లు, మెత్తటి బ్రష్, నార వాటం వెంటే రుద్దండి. కేన్ కుర్చీలైతే నీళ్లు పోయకండి. తడిగుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టి, వానలకి ఇంట్లో పెట్టేయండి.

యాంకర్: పెరంబూర్ నుంచి ఇంకో ఫోను.

కాలర్: అన్నా, ప్లాస్టిక్ కుర్చీలకి పాచి పట్టింది. బ్లీచింగ్‌తో పోవడం లేదు. టాయిలెట్ కడిగే యాసిడ్ కలిపి...

మేస్త్రీ: ఆగండి! ఆ రెండూ ఎప్పుడూ కలపొద్దు. క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. సర్ఫ్ నీళ్లు పోసి పావుగంట నాననిచ్చి బ్రష్‌తో రుద్దండి, చాలు. తుఫాను హెచ్చరిక వస్తే మాత్రం ఆ కుర్చీలు కిందికి దింపేయండి. 2016 డిసెంబరు 12న వార్దా తుఫానప్పుడు మిద్దె మీది కుర్చీ ఎగిరెళ్లి ఎదురింటి కిటికీ పగలగొట్టడం నేను కళ్లారా చూశాను.

కాలర్: కుషన్లు కూడా...

యాంకర్: సమయం అయిపోతోందండీ, క్షమించాలి.

మేస్త్రీ: కుషన్లు నిలబెట్టి ఆరబెట్టండి, పడుకోబెడితే లోపలి స్పాంజి ఆరదు. ఒక్క నిమిషం, ఇందాకటి తిరువాన్మియూర్ అమ్మగారు వింటున్నారా? ఒకటి మరిచాను. పెయింట్ వేయించినా సరే, పైనున్న కొక్కెం, గొలుసు, బోల్టులు పని తెలిసిన మనిషి చేత చూపించుకున్నాకే ఊయలలో కూర్చోండి. అరిగి ఉంటే కొత్తవి వేయించండి.

యాంకర్: ధన్యవాదాలు మేస్త్రీ గారూ. నమస్కారం.