కారుతో పాటు చేతికిచ్చే పుస్తకం

సభకు నమస్కారం.

కొత్త కారు కొన్నవారికి తాళాలతో పాటు ఒక పుస్తకాన్ని కూడా చేతికిస్తారు. అది డ్యాష్‌బోర్డు అరలోకి చేరి, చాలామంది విషయంలో కారు అమ్మే రోజు దాకా అక్కడే ఉండిపోతుంది. ఆ పుస్తకానికి, అంటే ఓనర్స్ మాన్యువల్‌కు, నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. దాని గురించి ఈ మధ్య ఒక మాట తరచుగా వినిపిస్తోంది. పూర్వపు మాన్యువల్ ఇంజన్ వాల్వులు సరిచేసుకోవడం నేర్పేదట, ఇప్పటిదేమో బ్యాటరీలోని యాసిడ్ తాగవద్దని హెచ్చరిస్తోందట, కాబట్టి మనుషుల తెలివి అంతగా దిగజారిపోయిందట. మాన్యువల్ మారిందన్నది వాస్తవమే. యజమానుల తెలివి తగ్గినందువల్ల మారిందన్న మాటను మాత్రం నేను ఒప్పుకోలేను. పాత పుస్తకాలను తెరిచి చూస్తే అవే ఆ మాటను ఖండిస్తాయి.

ఫోర్డ్ మోడల్ టీ 1908లో అమెరికాలో విడుదలైంది. 1927లో ఉత్పత్తి ఆగిపోయే నాటికి 1.5 కోట్ల కార్లు తయారయ్యాయి. కొన్నవారిలో రైతులు, చిన్న ఊళ్లవారు ఎంతోమంది. ఆ కారుతో కంపెనీ ఇచ్చిన పుస్తకం ప్రశ్న, జవాబు పద్ధతిలో సాగుతుంది; ప్రశ్నలు వందకు పైగానే ఉంటాయి. కారు స్టార్ట్ చేసే ముందు ఏం చేయాలన్నది మొట్టమొదటి ప్రశ్న. రేడియేటర్ నిండా శుభ్రమైన నీళ్లు పోయాలని, అలాంటి నీళ్లు దొరకకపోతే పలుచని మస్లిన్ గుడ్డలో వడగట్టి పోయాలని జవాబు. ఆ తరువాత పెట్రోలు, ఆపైన ఇంజన్ ఆయిల్, ఆపైన స్టీరింగ్ కింద ఎడమవైపు ఉండి, సిలిండరులో నిప్పురవ్వ ఏ క్షణాన పడాలో నిర్ణయించే స్పార్క్ లీవరు, కుడివైపు ఉండి, ఇంజన్ వేగాన్ని పెంచి తగ్గించే గ్యాస్ లీవరు. ఇంజన్ స్టార్ట్ చేయడానికి కారు ముందుభాగంలో ఉండే హ్యాండిల్ ఎలా కొట్టాలో చెప్పే జవాబును చదివితే, రాసినవాడు పక్కన నిలబడి చెయ్యి పట్టుకుని నేర్పుతున్నట్టే ఉంటుంది. హ్యాండిల్‌ను కారు వైపు గట్టిగా నెట్టి, పళ్లు పట్టుకున్నాయని చేతికి తెలిశాక, ఒక్క ఊపున పైకి లాగాలి. బలమంతా పెట్టి కిందికి నొక్కి తిప్పితే, సిలిండరులో పెట్రోలు ముందుగా అంటుకున్నప్పుడు హ్యాండిల్ వెనక్కి విసురుగా తిరుగుతుంది. స్పార్క్ లీవరును సరైన చోట పెట్టకుండా తిప్పి, మణికట్టు విరగ్గొట్టుకున్నవారు ఆ రోజుల్లో తక్కువేమీ కాదు.

ఆ పుస్తకంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది దాని ముందుమాట. ఫోర్డ్ కార్లు నడిపేవారిలో అత్యధికులు సామాన్యులేనని, యంత్రాలతో వారికి అనుభవం లేదనీ లేదా చాలా కొద్దిగానే ఉందనీ కంపెనీ అక్కడ స్పష్టంగా చెబుతుంది. కారు నడపాలంటే దాని యంత్రాంగం తెలిసే తీరాలన్న నియమం లేదని, అయితే ఏ వస్తువు గురించైనా ఎంత ఎక్కువ తెలిస్తే అంత ఎక్కువగా ఆనందించగలమని అంటుంది. ఆ మాట అన్న తరువాత అదే పాఠకుడిని వాల్వులు గ్రైండ్ చేయడం, సిలిండరులో పేరుకున్న కార్బన్ తీయడం, కనెక్టింగ్ రాడ్ బేరింగులు సరిచేయడం దాకా తీసుకువెళుతుంది. అంటే ఆనాటి యజమాని పుట్టు మెకానిక్కు అన్న అపోహ ఆ పుస్తకం రాసినవారికి లేదు. అతనికి ఏమీ తెలియదని వారికి తెలుసు. చెబితే నేర్చుకుంటాడని కూడా వారు నమ్మారు. ఇందులో కంపెనీ అవసరమూ ఉంది. గ్యారేజీ అన్నదే అరుదైన ఆ పల్లెల్లో, ఆగిపోయిన కారును యజమాని తానే నడిపించుకోలేకపోతే, దాన్ని చూసిన పక్క పొలం రైతు మరో కారు కొనడు.

ఈ ధోరణి మన దేశంలో చాలాకాలం నిలిచింది. బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా మీద 1957లో మొదలైన అంబాసిడర్, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 2014 దాకా తయారైంది. ఆ తరం బ్రిటిష్ కార్ల పుస్తకాలలో నిప్పురవ్వ పుట్టించే భాగాల మధ్య ఉండవలసిన ఖాళీలు, అంటే పాయింట్ గ్యాప్, ప్లగ్ గ్యాప్, వాల్వుల దగ్గర ఉండవలసిన ఖాళీ, అంటే టాపెట్ క్లియరెన్స్, అంకెలతో సహా ఉండేవి. గ్రీజు ఎక్కించే ఏ నిపిల్‌కు ఎన్ని మైళ్లకొకసారి గ్రీజు కొట్టాలో చూపే పటం ఉండేది. మన దగ్గర ఆ పుస్తకాన్ని యజమాని చదివిన సందర్భాలకన్నా, అందులోని సారాన్ని డ్రైవరో మెకానిక్కో నోటికి నేర్చుకున్న సందర్భాలే ఎక్కువ. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల పనివారు ఇంగ్లీషు పుస్తకం అక్కర లేకుండానే సన్నని ఖాళీలను కొలిచే ఫీలర్ గేజి పట్టడం, ఇంజన్ చప్పుడు విని లోపం పసిగట్టడం గురువు దగ్గర నేర్చుకున్నారు. పుస్తకంలోని జ్ఞానం అలా మనుషులలోకి వచ్చింది. ఈ సంగతిని గుర్తుంచుకోమని కోరుతున్నాను, ఎందుకంటే ఇప్పటి మాన్యువల్‌లో లోపించినది సరిగ్గా ఈ రాకపోకే.

మార్పుకు మొదటి కారణం యంత్రమే. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వచ్చి పాయింట్లు పోయాయి, ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చి, పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ పోయింది, చాలా ఇంజన్లలో తమ ఖాళీని తామే సర్దుకునే హైడ్రాలిక్ టాపెట్లు వచ్చి క్లియరెన్స్ సరిచూసే పని తగ్గింది, సీలు వేసిన జాయింట్లు వచ్చి గ్రీజు గన్ మూలన పడింది. సరిచేయడానికి స్క్రూ అన్నదే లేనిచోట దాన్ని ఎలా తిప్పాలో పుస్తకం చెప్పనవసరం లేదు. ఈ మార్పును నష్టమని నేను అనను. వెయ్యి మైళ్లకొకసారి కారు కిందికి దూరి గ్రీజు కొట్టవలసిన అవసరం పోవడం మంచిదే.

రెండో కారణం చట్టం. అమెరికాలో 1966లో వాహన భద్రతా చట్టం వచ్చింది, 1975 మోడళ్ల నుంచి ఎక్కువ కార్లకు పొగలోని విషవాయువులను తగ్గించే కేటలిటిక్ కన్వర్టర్ వచ్చింది. సీసం కలిపిన పెట్రోలు పోస్తే కన్వర్టర్ పాడవుతుంది కాబట్టి ఇంధనం గురించిన హెచ్చరిక పుస్తకంలోకీ, ట్యాంకు మూత దగ్గరికీ ఎక్కింది. మన నాలుగు మహానగరాల్లో కొత్త కార్లకు ఆ పరికరం 1995లో తప్పనిసరి అయింది, సీసం లేని పెట్రోలు 2000 నాటికి దేశమంతటా వచ్చింది. ఎయిర్‌బ్యాగ్ విషయం ఇంకా గంభీరమైనది. 1990లలో అమెరికాలో ముందు సీట్లో కూర్చోబెట్టిన పసిపిల్లలు, విచ్చుకున్న ఎయిర్‌బ్యాగ్ దెబ్బకే చనిపోయిన ప్రమాదాలు పదుల సంఖ్యలో జరిగాయి. వెనక్కి తిరిగి ఉండే పిల్లల సీటును ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీట్లో పెట్టవద్దని మాన్యువల్ చెప్పేది అందుకే. మన దేశంలో 2022 జనవరి నుంచి ప్రతి కొత్త కారులోనూ ముందు సీట్లకు రెండు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి. అయినా బిడ్డను ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చోవడం మనకు ఇంకా మామూలు దృశ్యం. గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ సంగతి కూడా ఇలాంటిదే. జారే రోడ్డు మీద బ్రేకును తొక్కి వదులుతూ ఉండాలని పాత డ్రైవర్లు నేర్పేవారు, ఆనాటి బ్రేకులకు అదే సరైన పద్ధతి. ఏబీఎస్ ఉన్న కారులో పెడల్‌ను గట్టిగా తొక్కి అలాగే పట్టుకోవాలి, కాలికి అదురు తగిలినా వదలకూడదు. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న డ్రైవరుకు సైతం పుస్తకం కొత్తగా నేర్పవలసినది ఉందనడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు.

అందుకే హెచ్చరికలను చూసి నవ్వేవారితో నేను చేరలేను. వాటిలో చాలా వాక్యాల వెనుక ఎవరో ఒకరి ప్రాణం ఉంది. నా అభ్యంతరం వేరే చోట ఉంది. ఒకే పుస్తకాన్ని అన్ని వేరియంట్లకూ ముద్రించడం వల్ల, మీ కారులో ఈ సదుపాయం ఉన్నట్లయితే అన్న షరతు దాదాపు ప్రతి పుటలోనూ ఉంటుంది. బ్లూటూత్‌కు ఫోను కలిపే విధానం, ఇంజన్ వేడెక్కినప్పుడు రేడియేటర్ మూత తెరవకూడదన్న హెచ్చరిక ఒకే గొంతుతో, ఒకే సైజు అక్షరాలతో పలుకుతాయి. వందల పుటల మధ్య ప్రాణం నిలిపే వాక్యం ఎక్కడుందో చదివేవాడికి దొరకదు.

అసలైన మలుపు మాత్రం డ్యాష్‌బోర్డు మీద వెలిగే ఆ చిన్న ఇంజన్ బొమ్మతో వచ్చింది. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి ఓబీడీ-2 అనే ప్రమాణాన్ని తప్పనిసరి చేశారు. కారు తన లోపాన్ని తానే కనిపెట్టి, ఒక కోడ్ రూపంలో దాచుకుని, దీపం వెలిగిస్తుంది. లోపం ఏమిటో కారుకు తెలుసు. ఆ కోడ్‌ను చదివే స్కానర్ ఉన్న వర్క్‌షాపుకు తెలుస్తుంది. యజమాని చేతిలో ఉన్న పుస్తకం మాత్రం, దీపం వెలిగితే అధీకృత సర్వీసు కేంద్రాన్ని సంప్రదించండి అని ఒక్క వాక్యంతో ముగిస్తుంది. మోడల్ టీ పుస్తకం ఇంజన్ చప్పుడుకు కారణాలు ఏమేమిటో ఏకరువు పెట్టి, ఒక్కొక్కదాన్ని గుర్తుపట్టే దారి చెప్పింది. ఇప్పటి పుస్తకం కారణాల జోలికే పోదు. మరమ్మతు జ్ఞానమంతా కంపెనీ వర్క్‌షాప్ మాన్యువల్‌లోకీ, డీలరు కంప్యూటరులోకీ తరలిపోయింది, ఓనర్స్ మాన్యువల్‌లో మిగిలింది చిరునామా మాత్రమే. ఇది యంత్రం మారినందువల్ల అనివార్యంగా జరిగినది కాదని, ఏది చెప్పాలో ఏది చెప్పకూడదో ఎవరో తీసుకున్న నిర్ణయమని నా అభిప్రాయం. దానికి సాక్ష్యం అమెరికన్ మాన్యువళ్లలోనే ఉంది. కాలుష్య నియంత్రణ భాగాల నిర్వహణ, మరమ్మతులను ఏ వర్క్‌షాపులోనైనా, ఏ వ్యక్తి చేతనైనా చేయించుకోవచ్చన్న వాక్యాన్ని అక్కడి నిబంధనల ప్రకారం కంపెనీలు రాయవలసి ఉంటుంది. ప్రభుత్వం అడిగితే పుస్తకం యజమాని పక్షాన కూడా మాట్లాడగలదు.

కాగితం నుంచి తెర మీదికి వెళ్లిన మార్పు గురించి క్లుప్తంగా చెబుతాను. 2015లో హ్యుందాయ్ కంపెనీ, ఫోను కెమెరాను బానెట్ కిందికి చూపిస్తే ఏ భాగం ఏదో చెప్పే యాప్‌ను ప్రకటించింది. టెస్లా కార్లలో మాన్యువల్ కారు తెర మీదే ఉంటుంది; సాఫ్ట్‌వేర్ మారినప్పుడల్లా పుస్తకమూ మారుతుంది. వెతుక్కోవడానికి ఇది నిస్సందేహంగా మేలు. అయితే బ్యాటరీ పూర్తిగా దిగిపోయిన కారులో తెర వెలగదు, సిగ్నల్ లేని ఘాట్ రోడ్డులో యాప్ తెరుచుకోదు. రిమోట్ తాళంలో దాగి ఉన్న ఇనుప తాళాన్ని ఎలా బయటికి తీయాలో, ఆటోమేటిక్ కారును ఎలా లాగించాలో తెలియవలసినది సరిగ్గా ఆ క్షణంలోనే. 2020లో నిబంధనలు సవరించాక, టైర్ల గాలిని గమనించే సెన్సర్లు, పంక్చర్ కిట్ ఉన్న కారు స్టెప్నీ లేకుండా కూడా రావచ్చు. ఆ కిట్ వాడే విధానం తెలియనివాడికి అర్ధరాత్రి హైవే మీద డిక్కీ తెరిచినా ప్రయోజనం ఉండదు.

ఇక మన సంగతి. 2020 అక్టోబరులో హైదరాబాదులోనూ, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోనూ లెక్కలేనన్ని కార్లు నీట మునిగాయి. నీరు తీశాక కారు యజమానికి సహజంగా కలిగే మొదటి కోరిక, ఒకసారి స్టార్ట్ చేసి చూద్దామని. చేయకూడని పని అదే. సిలిండర్లలోకి చేరిన నీరు గాలిలాగా నొక్కుకుపోదు కాబట్టి, సెల్ఫ్ కొట్టగానే కనెక్టింగ్ రాడ్లు వంగిపోవచ్చు. శుభ్రం చేస్తే బాగుపడే ఇంజన్, మార్చవలసిన ఇంజన్‌గా మారుతుంది. నీటిలో నడపడం గురించిన హెచ్చరికలు మాన్యువళ్లలో ఉన్నాయి. ఉన్నది ఇంగ్లీషులో. ఇంధనం విషయమూ అంతే. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2025 నాటికి దేశమంతటా బంకుల్లోకి వచ్చినప్పుడు, 2023కు ముందు తయారైన చాలా కార్ల మాన్యువళ్లలో 10 శాతం వరకే అని రాసి ఉన్న సంగతి, ఆ పుట తెరిచి చదవగలిగినవారే లేవనెత్తగలిగారు. టాక్సీ నడుపుకుని బతికే మన డ్రైవర్లలో ఎంతమంది ఆ పుట చదవగలరు? కారు మీద అప్పు కట్టేది వారు, ఇంజన్ పోతే నష్టపోయేది వారు.

మరమ్మతు హక్కు, అంటే కొన్న వస్తువును తనకు నచ్చినచోట బాగుచేయించుకునే హక్కు గురించి కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో ఒక కమిటీని వేసింది, ఆ డిసెంబరులో ఒక పోర్టల్‌ను ప్రారంభించింది. దాని పరిధిలో వాహనాల రంగం కూడా ఉంది. అక్కడ కంపెనీలను మనం అడగదగినవి రెండు ఉన్నాయి. డ్యాష్‌బోర్డులో దీపం వెలిగినప్పుడు కోడ్ ఏమిటో, దాని అర్థమేమిటో యజమానికి తెరమీదే తెలియజేయాలి. పెద్ద పుస్తకం ఏ భాషలో ఉన్నా, ఎర్ర దీపాలు, ఇంధనం, టైర్ల గాలి, పిల్లల సీటు, ఏబీఎస్, నీట మునిగినప్పుడు చేయకూడని పనులు, లాగించే విధానం, ఇవన్నీ తెలుగులో, పెద్ద అక్షరాలతో, బొమ్మలతో, డ్యాష్‌బోర్డు అరలో పట్టే చిన్న పుస్తకంగా కారుతోపాటే ఇవ్వాలి. ఈ సభలో ఆటోమొబైల్ విద్యార్థులు ఉన్నారు, వర్క్‌షాపులు నడిపేవారు ఉన్నారు. కంపెనీలు ఇచ్చే దాకా ఆగకుండా, మీ దగ్గరికి ఎక్కువగా వచ్చే ఒక్క మోడల్‌తో ఆ చిన్న పుస్తకం రాయడం మీరే మొదలుపెట్టవచ్చు. ఏయే పుటలు ముందు రావాలో మీ కౌంటరు ముందు నిలబడి డ్రైవర్లు రోజూ అడిగే ప్రశ్నలే చెబుతాయి.

నమస్కారం.