ఆ టేపు మీద ఏముండేది?

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, వెనక వరుసల్లో అప్పుడే భోజనాల వైపు చూస్తున్న మిత్రులకు ఉగాది శుభాకాంక్షలు.

నన్ను నవ్వించమని పిలిచారు. ఇరవై ఏళ్ళుగా ఇక్కడ బ్రిటన్‌లో ఉంటున్న మీకు, మూణ్ణెల్ల క్రితం దిగిన నేను బ్రిటిష్ హాస్యం గురించి చెప్పడమేమిటి? కానీ పోయిన వారం మా అల్లుడు మోర్‌కాంబ్ అనే ఊరు తీసుకెళ్ళాడు. సముద్రం ఒడ్డున మెడలో బైనాక్యులర్స్‌తో, ఒంటికాలి మీద నిలబడ్డ కంచు విగ్రహం. ఎరిక్ మోర్‌కాంబ్, ఇక్కడి టీవీ హాస్యనటుడు. అసలు ఇంటిపేరు బార్తలోమ్యూ. దాన్ని వదిలేసి ఊరి పేరు తగిలించుకున్నాడు. మన ఇంటిపేర్లలో సగం ఊళ్ళే కదా, నాకు అక్కడికక్కడే చుట్టరికం కలిసింది.

ఎరిక్, ఎర్నీ వైజ్ హాస్య జంట 1971లో తమ టీవీ క్రిస్మస్ షోకి ఆండ్రే ప్రెవిన్‌ని పిలిచారు. లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాని నడిపే పెద్దమనిషి. ఎరిక్ పియానో ముందు కూర్చుని గ్రీగ్ అనే స్వరకర్త రాసిన పియానో కన్చెర్టోని ఖూనీ చేశాడు. అన్నీ తప్పు స్వరాలే అన్నాడు ప్రెవిన్. ఎరిక్ లేచి ఆయన కోటు పట్టుకుని, స్వరాలన్నీ సరైనవే, వరసే కాస్త అటూ ఇటూ అన్నాడు. సరిగమపదని ఏడూ పడ్డాయి కదా, ఇంకేం కావాలయ్యా అన్నట్టు! ఆ షోలో ఎరిక్ ఆయన్ని ‘మిస్టర్ ప్రివ్యూ’ అన్నాడు. తర్వాత లండన్ టాక్సీ డ్రైవర్లూ అలాగే పిలిచేవారట.

ఈ షో రికార్డింగు మిగిలింది. 1968లో బీబీసీలో వాళ్ళ మొదటి సిరీస్ చాలావరకు మిగల్లేదు. పీటర్ కుక్, డడ్లీ మూర్ అనే మరో హాస్య జంట షో సగానికి పైగా పోయింది. కొత్త టేపులు మేమే కొనిస్తాం, వాటిని ఉంచండి అని కుక్ అడిగాడంటారు. ఒప్పుకోలేదు. ఎవరికీ కక్ష లేదండీ. రెండంగుళాల వెడల్పు టేపు, చాలా ఖరీదు. నటుల ఒప్పందాల వల్ల మళ్ళీ మళ్ళీ వెయ్యడానికి లేదు. పైగా కలర్ వచ్చేసింది, బ్లాక్ అండ్ వైట్ ఎవరు చూస్తారు? చెరిపి, దాని మీదే ఇంకోటి రికార్డు చేశారు.

వాళ్ళని తిట్టే అర్హత నాకు లేదు. నేనూ మన దగ్గర టీవీ టేపు రూములో ఇరవై ఆరేళ్ళు పనిచేశాను. కొత్త టేపులకి ఇండెంట్ పెడితే వచ్చేవి కావు. లిస్టు ఇచ్చి చెరిపెయ్యమనేవారు. ఒకసారి ఒక దాసుగారి హరికథ చెరిపాను. దాని మీద ఎరువుల కార్యక్రమం ఎక్కింది. కొన్నేళ్ళకి వాళ్ళబ్బాయి వచ్చాడు. నాన్నగారు పోయారు, ఆ రికార్డింగు ఒక్కసారి చూపిస్తారా అని. నేను రిజిస్టరు తీసి, పేజీలు తిప్పుతూ వెతుకుతున్నట్టు నటించాను. ఆ అబ్బాయి టీ కూడా తాగకుండా గంటసేపు కూర్చున్నాడు.

అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. రెండే రెండు నిమిషాలు.

1970 నాటి ఒక ఎపిసోడ్ ఎరిక్ ఇంటి అటక మీద దొరికింది. వాళ్ళబ్బాయి చూశాడు. 2021 క్రిస్మస్‌కి టీవీలో వేశారు. అటక మీద! అమ్మా, మీ ఇళ్ళలో పాత వీహెచ్ఎస్‌లు, ఆడియో కేసెట్లు ఉంటే దయచేసి పారెయ్యకండి. లేబుల్ లేకపోతే అసలే పారెయ్యకండి. బూజు పట్టినదాన్ని ప్లేయర్‌లో పెట్టకండి, టేపు చిరుగుతుంది. ముందు నాకు చూపించండి. పులిహోర కౌంటర్ పక్కనే ఉంటాను.