వాగు పేరు ఎవరికి చెప్పాలి

అందరికీ నమస్కారం. ఆదివారం పూట పిల్లల క్లాసులూ పుట్టినరోజు పార్టీలూ వదులుకుని ఇంతమంది చేపల గురించి వినడానికి వచ్చినందుకు చాలా సంతోషం. అమెరికాలో, ఈ విస్కాన్సిన్ రాష్ట్రంలో మాడిసన్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళలో గాలం పట్టుకునేవాళ్ళు ఈ ఐదారేళ్ళలో బాగా పెరిగారు, కోవిడ్ రోజుల్లో సరదాగా మొదలుపెట్టి ఇక వదల్లేకపోయినవాళ్ళు ఈ గదిలోనే చాలామంది ఉన్నారు. అందుకే, మంచి వాగు దొరికితే దాని పేరు ఎవరికి చెప్పాలన్న సంగతి ఇప్పుడే మాట్లాడుకోవాలనిపించింది.

నేను చేసిన తప్పు దగ్గర మొదలుపెడతాను. నాలుగేళ్ళ క్రితం మే నెలలో, ఇక్కడికి రెండు గంటల దూరంలో పడమటి కొండల మధ్య ఒక వాగులో పద్నాలుగు అంగుళాల బ్రౌన్ ట్రౌట్ అనే చల్లనీటి చేపని పట్టాను. మా పెద్దమ్మాయి పరుగెత్తుకొచ్చి దూకితే అవతలి గట్టు మీద పడుతుంది, అంత చిన్న వాగు. అందులో అంత చేప! సంతోషం పట్టలేక వీడియో తీసి, వాగు పేరు రాసి, ఏ వంతెన దగ్గర కారు ఆపాలో, ఏ మలుపు దగ్గర గాలం వేయాలో కూడా రాసి ఆన్‌లైన్‌లో పెట్టేశాను. తెలిసింది నలుగురికీ చెప్పాలి, దాచుకోకూడదు అని పెరిగినవాణ్ణి నేను. అందులో తప్పుంటుందని తోచనేలేదు.

మూడు వారాల తర్వాత వెళ్తే వంతెన పక్కన ఏడు కార్లున్నాయి. గట్టు పొడుగునా గడ్డి అణిగిపోయి కాలిబాట పడింది. ఎవరో రైతు గేటు తీసి వేయకుండా వదిలేస్తే దూడలు రోడ్డెక్కాయట. జూలైలో వెళ్ళేసరికి కంచె దాటడానికి ఆ రైతే పెట్టిన చెక్క నిచ్చెన లేదు, దాని చోట లోపలికి రావద్దని బోర్డు ఉంది. ఇరవై ఏళ్ళుగా అడిగినవాళ్ళందరినీ వెళ్ళనిచ్చిన మనిషి ఆయన. ఆ బోర్డుకి కారణం నేనే.

ఆ వాగులు అసలు ఎలా వచ్చాయో కొంచెం చెప్పాలి, లేకపోతే ఏం పోగొట్టుకుంటున్నామో తెలియదు. ఆ ప్రాంతాన్ని డ్రిఫ్ట్‌లెస్ ఏరియా అంటారు. విస్కాన్సిన్ నైరుతి మూల, మిన్నెసోటా ఆగ్నేయం, అయోవా ఈశాన్యం, ఇల్లినాయ్ వాయవ్యం కలిసిన నేల. చుట్టూ ఉన్న భూమినంతా హిమానీనదాలు చదును చేసుకుంటూ పోయాయి గానీ ఈ ముక్కలో ఎక్కువ భాగాన్ని తాకలేదు, అందుకే ఇక్కడ కొండలూ లోయలూ మిగిలాయి. వాన నీళ్ళు సున్నపురాయిలోకి, ఇసుకరాయిలోకి ఇంకి కొండ అడుగున ఊటలుగా బయటికొస్తాయి. ఎండాకాలమైనా మంచుకాలమైనా ఆ ఊటనీరు సుమారు 50 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరే ఉంటుంది. ట్రౌట్‌కి కావలసిన చల్లదనం అదే. ఇక్కడ మొదటినుంచీ ఉన్నది బ్రూక్ ట్రౌట్. బ్రౌన్ ట్రౌట్ 1880లలో యూరప్ నుంచి తెచ్చి అమెరికా నీళ్ళలో వదిలిన చేప.

ఇది హో-చంక్ అనే ఆదివాసీ ప్రజల నేల. వాళ్ళను వెళ్ళగొట్టి వచ్చినవాళ్ళు కొండవాలుల్ని అడ్డదిడ్డంగా దున్ని, పశువుల్ని మితిమీరి మేపి, ఎనభై ఏళ్ళు తిరక్కుండానే పాడుచేశారు. 1930లు వచ్చేసరికి ప్రతి వానకీ కొండమీది మట్టి వాగుల్లోకి వచ్చి పడేది. అప్పుడు 1933లో కూన్ వ్యాలీలో దేశంలోనే మొదటి పరీవాహక సంరక్షణ ప్రాజెక్టు మొదలైంది, ప్రకృతి సంరక్షణ గురించి రాసిన ఆల్డో లియోపోల్డ్ కూడా అందులో పనిచేశారు. రైతులు వాలుకి అడ్డంగా పట్టీలు పట్టీలుగా దున్నడం నేర్చుకున్నారు, నిటారు వాలుల మీద పశువుల్ని మేపడం మానేశారు, గండ్లు పూడ్చారు. వాన ఇంకడం మొదలైంది, ఊటలు బలపడ్డాయి, ఎన్నో ఏళ్ళకి చేపలు తిరిగొచ్చాయి. అక్కడి టింబర్ కూలీ వాగు పేరు ఈపాటికి దేశమంతా తెలుసు కాబట్టి చెప్తున్నాను. నా వీడియో కింద నేను రాసిన మొదటి వాక్యం, "కొత్త చోటు కనుక్కున్నాను" అని. దాదాపు తొంభై ఏళ్ళు రైతులు మట్టి కాపాడితే నిలబడిన వాగుని నేను కనుక్కున్నానట! ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ బాధేస్తుంది.

ఇప్పుడు చాలామంది అడిగే ప్రశ్న. "పట్టి వదిలేస్తున్నాం కదా, చేపకి ఏమవుతుంది?" దీనికి నిజాయితీగా జవాబు చెప్పాలంటే, చాలాసార్లు ఏమీ కాదు. యెల్లోస్టోన్ నదిలో 1981లో లెక్క తీస్తే, పట్టి వదిలేయాలని నియమం ఉన్న భాగంలో ఒక్కో కట్‌త్రోట్ ట్రౌట్ ఆ సీజన్‌లో సగటున 9.7 సార్లు గాలానికి చిక్కింది. అయినా పట్టిన ప్రతిసారికీ లెక్కేస్తే చచ్చిపోయినవి నూటికి ఒకటి కూడా లేవు. అయితే అది చల్లటి, పెద్ద నది. 1992లో పాత పరిశోధనలన్నీ కలిపి చూస్తే ఫ్లైతో, అంటే పురుగులా కట్టిన ఉత్తుత్తి ఎరతో పట్టి వదిలిన ట్రౌట్‌లో నూటికి నాలుగు దాకా చనిపోతే, వానపాము లాంటి నిజమైన ఎరతో పట్టినవి ముప్పై ఒకటి దాకా చనిపోయాయి, ఎందుకంటే ఎరని చేప లోపలికంటా మింగేస్తుంది. ఇక ఫోటోల సంగతి. కెనడాలో ప్రయోగశాలలో రెయిన్‌బో ట్రౌట్‌ని పూర్తిగా అలిసిపోయేదాకా తరిమి, నీళ్ళ బయట ఒక నిమిషం ఉంచితే నూటికి 72 చనిపోయాయి, అర నిమిషమైతే 38, అసలు బయటికి తీయకపోతే 12. తర్వాత నదుల్లో జరిగిన అధ్యయనాల్లో అంత ఘోరం కనిపించలేదు, ఆ మాట కూడా చెప్పాలి. అయినా నీళ్ళ బయట చేపని పట్టుకుని ఫోన్ వెతుక్కునే మనిషిని చూసినప్పుడల్లా నాకు ఆ 72 గుర్తొస్తుంది.

మన చిన్న వాగుల్లో అసలు దెబ్బ కాళ్ళ వల్ల తగులుతుంది. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

మన ఊళ్ళలో కొరమీను సంగతి మీకు తెలుసు. పిల్లలు ఎర్రగా గుంపుగా నీటిపైకి వస్తుంటే తల్లీతండ్రీ కిందే ఉండి కాపలా కాస్తాయి. ట్రౌట్ అలా కాదు. బ్రౌన్ ట్రౌట్ అక్టోబరు, నవంబరు నెలల్లో శుభ్రమైన గులకరాళ్ళున్న చోట తోకతో గుంట చేసి, గుడ్లు పెట్టి, మళ్ళీ గులకరాళ్ళు కప్పేసి వెళ్ళిపోతుంది. కాపలా ఉండదు. చలికాలమంతా ఆ గుడ్లు రాళ్ళ సందుల్లో ఉంటాయి, పొదిగాక కూడా పిల్లలు కొన్ని వారాలు ఆ రాళ్ళ కిందే ఉండి వసంతంలో బయటికొస్తాయి. మన విస్కాన్సిన్‌లో పట్టి వదిలేసే ముందస్తు సీజన్ ఎప్పుడు తెరుస్తారు? జనవరి మొదటి శనివారం. అంటే మనం వేడర్స్, అదే నీళ్ళు చొరని బూట్ల ప్యాంట్లు వేసుకుని ఉత్సాహంగా నీళ్ళలో దిగే రోజుల్లోనే మన కాళ్ళ కింద గుడ్లున్నాయి. మోంటానాలో దీన్ని పరీక్షించి 1992లో ప్రచురించారు. గుడ్లున్న గులకమీద రోజుకి రెండుసార్లు, మొదటినుంచి చివరిదాకా నడిస్తే గుడ్లూ పిల్లలూ కలిపి నూటికి 96 దాకా పోయాయి. పొదిగే ముందు ఒక్కసారి తొక్కితేనే 43 దాకా పోయాయి.

ఇప్పుడు ఆ రైతు బోర్డు దగ్గరికి మళ్ళీ రండి. మన రాష్ట్ర చట్టం ప్రకారం వంతెన దగ్గర నీళ్ళలో దిగి, కాళ్ళు నీళ్ళలోనే ఉంచి నడిస్తే, చిన్న పడవైనా తేలగలిగే వాగు ఎవరి పొలంలోంచి పోతున్నా మనల్ని ఆపడానికి లేదు. గట్టు మాత్రం రైతుదే. గట్టు మూసేశాక కూడా ఆ వాగుకి జనం రావడం ఆగలేదు. అంతకుముందు గట్టుమీద నడిచి, గాలం వేసేచోట మాత్రమే దిగేవాళ్ళు ఇప్పుడు దారి పొడుగునా నీళ్ళలోనే, గులకల మీదే నడుస్తున్నారు. నా పోస్ట్ వల్ల గట్టు పోయింది, గట్టు పోవడం వల్ల గుడ్లు పోతున్నాయి. ఆ మరుసటి ఏడాది జనవరిలో వంతెన మీద నిలబడి చూస్తే తెల్లటి గులకల మీద బూట్ల గుర్తులు పైనుంచే కనిపించాయి. దిగకుండా ఇంటికొచ్చేశాను.

కొందరు మిత్రులు ఒక మాట అంటారు, ఆ మాటలో బలముంది. "రాష్ట్ర సహజవనరుల శాఖ, డీఎన్ఆర్ వాళ్ళే ట్రౌట్ వాగులన్నీ మ్యాప్‌లో పెట్టారు కదా, ఇందులో రహస్యమేముంది?" నిజమే, పదమూడు వేల మైళ్ళకి పైగా ఉన్నాయి, రంగులు వేసి మరీ చూపించారు. ఆ మ్యాప్ చూసి బయల్దేరినవాళ్ళు పదమూడు వేల మైళ్ళలో చెదిరిపోతారు. నా వీడియో చూసి బయల్దేరినవాళ్ళు ఒక్క మలుపు దగ్గరికి వచ్చారు. పాడేరు దగ్గర వంజంగి కొండ మీకు గుర్తుండే ఉంటుంది. ఆ కొండ, ఆ మబ్బులు ఎప్పటినుంచో అక్కడే ఉన్నాయి, మ్యాప్‌లోనూ ఉంది, కానీ ఫోన్లలో ఆ వీడియోలు తిరగడం మొదలయ్యాక గదా తెల్లారుజామున అంతంత జనం ఎగబడింది.

ఇంకో మాట నన్ను నిజంగా ఇబ్బంది పెడుతుంది. ఇక్కడివాళ్ళకి తాతలు నేర్పారు, మామయ్యలు చూపించారు. మనకి ఈ నేలమీద తాతలు లేరు. పేర్లు దాచేస్తే మనలాంటి కొత్తవాళ్ళు ఎక్కడ నేర్చుకుంటారు? వాగు బాగుండాలని కోరుకునే మనుషులు తగ్గిపోతే రేపు దానికి ముప్పు వచ్చినప్పుడు ఎవరు మాట్లాడతారు? మనం లైసెన్సుతో పాటు కొనే ట్రౌట్ స్టాంప్ డబ్బు కూడా వాగుల బాగుకే పోతుంది, కొనేవాళ్ళు పెరగాలి. ఇవన్నీ ఒప్పుకుంటాను. అందుకే పేర్లు అసలు చెప్పకూడదు అనేవాళ్ళతో నేను కలవను. ఆ పట్టుదలలో కొంత స్వార్థం కూడా ఉంటుంది.

నాకు నేర్పింది ఇక్కడి పెద్దాయన ఒకరు. తన కారులో తీసుకెళ్ళారు. గేటు ఎలా ఉంటే అలాగే వదలమన్నారు, గులకలు ఎక్కడున్నాయో చూపించి చుట్టూ తిప్పి నడిపించారు, రైతు ఎదురైతే టోపీ తీసి పలకరించారు. సాయంత్రం దాకా ఇద్దరం ఒకే మైలులో ఉన్నాం. ఆ రోజు వాగు పేరుతో పాటు ఇవన్నీ నాకు అందాయి. నేను వీడియో పెట్టినప్పుడు మాత్రం పేరొక్కటే వెళ్ళింది. మనిషికి చెప్తే అతను ఎలా నడుచుకున్నాడో రేపు అడగగలను, వేలమందిలో గేటు తీసి వదిలేసినవాడు ఎవరో ఎలా తెలుస్తుంది?

కాబట్టి ఇప్పుడు నేను చేస్తున్నది ఇది. పెద్ద నదుల పేర్లు, చేపలు పెంచి వదిలే నీళ్ళ పేర్లు ఎవరడిగినా చెప్తాను. రసీన్ దగ్గర రూట్ నదికి మిషిగన్ సరస్సు నుంచి స్టీల్‌హెడ్, సాల్మన్ చేపలు ఎక్కుతాయి, అవి పెంచి వదిలినవే, పిల్లల్ని తీసుకుని హాయిగా వెళ్ళండి. చిన్న వాగు, అందులోనూ చేపలు తమంతట తామే గుడ్లు పెట్టి బతికే క్లాస్ 1 వాగు అయితే, పేరు ఎక్కడా రాయను. ఫోటోలో వంతెన గానీ, రైతు కొట్టం గానీ, కొండ అంచు గానీ పడకుండా చూస్తాను, ఎందుకంటే వాటిని బట్టి చోటు పట్టేసేవాళ్ళు ఉన్నారు. ముఖ్యంగా జూలై, ఆగస్టుల్లో. నీళ్ళు 68 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే ట్రౌట్‌కి ఊపిరి కష్టమవుతుంది, ఊట కలిసే చోటికి వచ్చి పదులకొద్దీ ఒక్క గుంటలో పోగవుతాయి. అప్పుడు ఎవరైనా పట్టగలరు. అలాంటి గుంట ఫోటో పెట్టడమంటే ఆసుపత్రి తలుపు తీసి చూపించడమే. అందుకే జేబులో థర్మామీటర్ పెట్టుకోండి, 68 చూపిస్తే గాలం మడిచేయండి.

పోయినేడాది ఆ రైతు ఇంటికి వెళ్ళి, వీడియో పెట్టింది నేనేనని చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, కంచె రెండుచోట్ల వంగింది, బాగుచేయడానికి వస్తావా అని అడిగారు. మూడు శనివారాలు వెళ్ళాను. బోర్డు ఇంకా ఉంది, తీయమని నేను అడగలేదు.

వచ్చే నెల మొదటి శనివారం నేను వేరే వాగుకి వెళ్తున్నాను. నాతో ఇద్దరికి చోటుంది, ఇద్దరికే. అంతకంటే ఎక్కువమంది ఆ నీళ్ళకి బరువు. రావాలనుకునేవాళ్ళు ఇవాళ వెళ్ళేముందు నాతో మాట్లాడండి, పొద్దున్న నాలుగున్నరకి బయల్దేరాలి, లైసెన్సు, ట్రౌట్ స్టాంప్ ముందే తీసుకోండి. వాగు పేరు దారిలో చెప్తాను.